రెండో గొంతు

సుబేదార్ బోపయ్య కళ్ళజోడు సరిచేసుకుని, గోడ మీద రాయించబోయే మాటలు పైకి చదువుతుంటే దేచమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

"శత్రువు గుర్రాల దండుతో కందకం దాకా వచ్చినప్పుడు, మన ఊరి ఆడపడుచు పొమ్మక్క వాళ్ళకు దారి చూపింది. అప్పుడు మేలింటి వీరుడు కుట్టయ్య కత్తి దూసి ఊరిని కాపాడాడు." చదివి తలెత్తాడు. "ఎలా ఉంది?"

"పొయ్యి రాజేసుకోవడానికి బాగుంటుంది," అంది దేచమ్మ.

బోపయ్య నొచ్చుకోలేదు. సైన్యంలో తిట్లు తిని, తిట్లు పెట్టి, పింఛను పుచ్చుకుని వచ్చిన మనిషి. పైగా తను కూడా కుట్టయ్య వంశం మేలింటివాడే అయినా సొంత ఇంటి డప్పు కొట్టుకునే రకం కాదు. ఊరి మ్యూజియం కమిటీకి పెద్దగా పెట్టుకున్నది అందుకే.

"పాటలో ఉన్నదే రాశాను దేచమ్మా. నా సొంత కవిత్వం ఒక్క ముక్క లేదు."

"పాటంతా లేదు మామా అందులో."

"అయితే మిగతాది పట్టుకురా. పాటలో ఉంటే రాయిస్తాను. లేదంటే నువ్వు నా కాళ్ళ మీద పడ్డా రాయించను. పుత్తరి పండక్కి తలుపులు తెరుస్తున్నాం. పెయింటరు అంతకుముందే వస్తాడు."

"మీ కాళ్ళ మీదా? ఆ ఆశ పెట్టుకోకండి," అని చీపురు గోడకు ఆనించి, జీపు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

కోపం రాదా మరి! ఆ పొమ్మక్క దేచమ్మ పుట్టింటి మనిషి. ఎన్ని తరాల కిందటిదో ఎవరూ చెప్పలేరు గానీ, ఆ ఇంటికి అంటిన మచ్చ మాత్రం నిన్నో మొన్నో పడ్డట్టు తాజాగా ఉంది. సంతలో ఆ ఇంటివాళ్ళు ఎవరైనా "మడికేరి బస్సు అటువైపు ఆగుతుంది" అన్నారా, అయిపోయిందే. "వద్దు తల్లీ, మీ ఇంటివాళ్ళు దారి చూపితే కొంప మునుగుతుంది!" అని ఎవడో ఒకడు అననే అంటాడు. నలుగురూ పళ్ళికిలిస్తారు. ఎగతాళిగా మొదలైన మాట, వినీ వినీ చరిత్ర అయి కూర్చుంది. ఇప్పుడిక గోడకెక్కబోతోంది.

దేచమ్మ తల్లి బోజమ్మ, పక్క ఊరినుంచి కోడలిగా వచ్చిన మొదటి పుత్తరి కోతల పండక్కే ఆ మాట పడింది. ఊరందరూ ఆడే మైదానంలో, కొత్త చీరలో, పదిమంది ముందు పడింది. ఆ తర్వాత మళ్ళీ ఆ మైదానంలో కాలు పెట్టలేదు. ఇప్పుడు ఎనభై దాటాయి. పండగనాడు ఊరంతా అక్కడ కోలాటాలాడుతుంటే ఈవిడ వంటింట్లో కూర్చుని బియ్యపు రవ్వతో కడంబుట్టు ఉండలు చుడుతుంది. ఎందుకు రావమ్మా అని అడిగితే, "దారి తెలియదు," అంటుంది. ఆ మాటకు ఇంట్లో ఎవరూ నవ్వరు.

దేచమ్మ తండ్రి మాత్రం బతికున్నన్నాళ్ళూ ఒకటే అనేవాడు. "పాటలో ఇంకేదో ఉందే పిల్లా. అది రెండోవాళ్ళ నోట్లో ఉండేది. నాకు నోటికి రాదు, చెవికి తెలుసు." చెవికి తెలిసినదాన్ని ఎవరికి చూపిస్తాం? ఆయన పోయాడు. చెవి కూడా ఆయనతోనే పోయింది.

దేచమ్మ గురించి చెప్పాలంటే, పట్టుకుంటే ఉడుంపట్టే. మొగుడు హవల్దారు, సర్వీసులోనే పోయాడు. పుట్టింటికి దగ్గర్లోనే ఉన్న కాస్త కాఫీ తోట, మిరియాల పాదులు ఒంటిచేత్తో చూసుకుంటుంది. మ్యూజియం పెడతామని అనుకున్ననాటినుంచి, చిన్న రికార్డింగు మిషను సంచిలో వేసుకుని ఊరి ముసలివాళ్ళ వెంట పడింది. ఆవిడ జీపు చప్పుడు వింటే కొందరు పెరటిదారి పట్టేవాళ్ళు. పట్టినా లాభం లేదు, పెరటివైపూ ఆవిడే ఉండేది. ఎవరి దగ్గర కథ ఎలా రాలుతుందో ఆవిడకు తెలుసు. ఒక ముసలమ్మ చేతుల్లో పిండి ఉంటేగానీ నోరు విప్పదు. అందుకని దేచమ్మ పిండి పట్టుకుని వెళ్తుంది. ఇంకొకాయనకు ఎవరైనా కాదంటేగానీ కథ గుర్తురాదు. ఆయన ముందు కూర్చుని ప్రతిదానికీ "అబద్ధం" అంటుంది. ఆయన మండిపడి మూడు తరాల సంగతులు కక్కేస్తాడు.

అలాంటి మనిషి, పొమ్మక్క పాట దగ్గర మాత్రం మోసపోయింది.

మా పాటలు నలుగురు పాడాలి. చేతుల్లో దుడి, అంటే నడుము సన్నంగా ఉండే చిన్న డప్పు. ముందు ఇద్దరు ఒక చరణం అంటారు, వెనక ఇద్దరు అందుకుంటారు. ఈ కాలం వాళ్ళందరిలాగే దేచమ్మ కూడా ఏమనుకుందంటే, వెనకవాళ్ళ పని ముందువాళ్ళు అన్నది మళ్ళీ అనడమేనని. ఊళ్ళో ఆ పాట తెలిసిన పెద్ద ముందు గొంతు మొణ్ణప్ప. ఎనభై అయిదో ఎంతో. ఆయన్ను కూర్చోబెట్టి, వెనక ఆయన మేనల్లుళ్ళిద్దరిని కూర్చోబెట్టి పాట మొత్తం ఎక్కించుకుంది. ఆయనొకటి అంటే వీళ్ళు అదే మళ్ళీ అన్నారు. బాగానే ఉంది. కానీ అందులో ఉన్నది బోపయ్య కాగితంలో ఉన్నదే. పొమ్మక్క దారి చూపెను, కుట్టయ్య కత్తి దూసెను. అంతే.

బోపయ్యతో గొడవపడి వచ్చిన రోజు, వసారాలో కాఫీ పళ్ళు ఎండబోస్తూ ఆ పాటే మళ్ళీ పెట్టుకుంది. "నిలిచిన పొమ్మక్క చెయ్యెత్తి దారి చూపెను" అన్నాడు మొణ్ణప్ప. మేనల్లుళ్ళు అదే అన్నారు. ఆ తర్వాత ఎవరి గొంతూ లేదు. దుడి మాత్రం మోగుతోంది. ఒక చరణం పట్టేంత సేపు ఉత్త దుడి మోగి, అప్పుడు కుట్టయ్య వచ్చాడు. దేచమ్మ మిషను వెనక్కి తిప్పింది. పాటలో ఇంకా నాలుగైదు చోట్ల అలాగే ఉంది. ముసలాయన ఎవరి కోసమో ఆగుతున్నాడు!

చేతులు కూడా కడుక్కోకుండా మొణ్ణప్ప ఇంటికి పోయింది.

"అజ్జా, పొమ్మక్క దగ్గర ఎందుకు ఆగారు?"

"నేనా? ఆగడమా? వయసులో ఉన్నప్పుడు ఏనుగు ఎదురొస్తే ఆగలేదు నేను."

"నోరు ఆగింది. దుడి ఆగలేదు. ఎవరి కోసం వాయించారు?"

మొణ్ణప్ప నోట్లో వక్క అటూ ఇటూ తిరిగింది. తన చేతివంక తనే కొత్తగా చూసుకున్నాడు.

"అది వాడి వంతు," అన్నాడు చివరికి. "రెండోవాడిది. వాడు అందుకుంటాడు, వాడి చివరి మాట పట్టుకుని నేను లేస్తాను. వాడు లేడు గనక దూకేస్తాను. ఇంతకాలం ఎవడూ అడగలేదు, నువ్వొచ్చావు."

"వాడు ఏమని అందుకునేవాడు?"

"నాకేం తెలుసు? వాడి వంతు నేనెందుకు మోస్తాను? ఇంకోమాట, ఆ చంగప్ప పేరు నా ఇంట్లో ఎత్తకు."

"నేనెక్కడ ఎత్తాను? మీరే ఎత్తారు."

"పో అవతలికి!"

చంగప్పకూ మొణ్ణప్పకూ తగువెందుకో ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. వేటలు ఇంకా సాగే రోజుల్లో, గుండు ఎవరిదైనా సరే, పడ్డ అడవిపంది తోక మొదట పట్టుకున్నవాడికి ఒక వాటా ఉండేది. ఒక పంది తోక వీళ్ళిద్దరూ పట్టుకున్నారు. ఎవరు ముందు అన్నది తేలలేదు. పందిని కోశారు, వండారు, తిన్నారు, అరిగింది. తగువు మాత్రం అరగలేదు. చంగప్ప దుడిని అటక మీద పడేసి, మైదానానికి రావడమే మానేశాడు. అతని వెనక గొంతు కలపడమే తప్ప సొంతంగా పాట రాని జతగాడూ దాంతో ఆగిపోయాడు. అది బోజమ్మ కాపురానికి రావడానికి ముందు ఏడు. అంటే ఆవిడ ఆ పాట నిండుగా ఒక్కసారి కూడా వినలేదు.

ఈ సంగతి చెప్తే బోజమ్మ సంతోషించలేదు సరికదా, కూతురి మీద కస్సుమంది.

"తవ్వకే. పైనున్న కంపు చాలదా? అడుగున ఇంకేముందో ఎవరు చూశారు? దారి చూపి డబ్బు పుచ్చుకుందని ఉంటే?"

"ఉంటే ఉండనీ. నిండు మాటకైతే తల వంచుతాను. సగం మాటకు వంచను."

"నీ తల కదా, నీ ఇష్టం," అంది బోజమ్మ. కానీ ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు.

నిజానికి దేచమ్మకూ భయంగానే ఉంది. తవ్వి తీసి, అందులోంచి అంతకన్నా పెద్ద మచ్చ బయటపడితే, దాన్ని గోడకెక్కించినది తనే అవుతుంది. అయినా మర్నాడు పొద్దున్నే చంగప్ప తోటకు వెళ్ళింది.

చంగప్ప మెట్టుమీద కూర్చుని బెల్లం కాఫీ ఊదుకుంటున్నాడు. ఎండిన మునక్కాయలాంటి మనిషి. విషయం వినగానే తల అడ్డంగా ఊపాడు.

"నేను రెండోవాణ్ణి దేచూ. అడిగేవాడు లేకుండా జవాబు ఎవడు చెప్తాడు? పిచ్చివాడు చెప్తాడు."

"పోనీ పాట వద్దు అజ్జా, మామూలు మాటల్లో చెప్పండి."

"మాటల్లో లేదు. మా నాన్న నాకు మాటల్లో నేర్పలేదు. ముందువాడి చరణం చెవిలో పడితే నాది నోట్లో పుడుతుంది. పడకపోతే పుట్టదు. గొడ్డు పాలివ్వాలంటే దూడ రావాలా వద్దా?"

"దూడను తెచ్చాను," అని దేచమ్మ సంచిలోంచి మిషను తీసి మెట్టుమీద పెట్టి నొక్కింది.

"తూర్పున దుమ్ము లేచెను, వింటివా తమ్ముడా," అన్నాడు పెట్టెలోంచి మొణ్ణప్ప.

చంగప్ప కాఫీ గ్లాసు కింద పెట్టాడు. పెదవులు కదిలాయి. వద్దనుకుంటూనే నోరు తెరుచుకుంది.

"దుమ్ము కాదది గుర్రాల ఊపిరి, వింటిని అన్నా..."

దేచమ్మ ముందుకు వంగింది. ఇది మళ్ళీ అనడం కాదు! అతనొకటి అంటే ఇతను దాన్ని సరిదిద్దుతున్నాడు. పాటలో సగం ఇక్కడ, ఈ మెట్టుమీద కూర్చుని ఇన్నేళ్ళు కాఫీ తాగుతోంది.

ఈలోగా పెట్టెలో మేనల్లుళ్ళు "తూర్పున దుమ్ము లేచెను" అని మొదలుపెట్టారు.

"ఈ మేకలెవరు?" అన్నాడు చంగప్ప.

"మొణ్ణప్పజ్జ మేనల్లుళ్ళు. ఉండండి, దాటిస్తాను."

దాటించింది. కానీ మొణ్ణప్ప తర్వాతి చరణం ఎక్కడో కందకం దగ్గరికి పోయి మొదలైంది. చంగప్ప చివాల్న లేచాడు.

"దూకేశాడు! నా మాట అందుకోకుండా దూకేశాడు! గుర్రాల ఊపిరి అని నేనిస్తే, గుర్రాల ఊపిరి అని వాడు లేవాలి. వాడికి పాట పోయిందే! నేను లేకపోతే వాడు కుంటివాడే, చూశావా?" కోపం కోపమే, సంబరం సంబరమే.

"మరి పొమ్మక్క దగ్గర మీ మాటేమిటి అజ్జా?"

"అక్కడికి పాట రావాలి. మధ్యలోంచి తెంపి చేతికివ్వడానికి అదేమన్నా కాకరకాయా?"

దేచమ్మ మిషను సంచిలో పెట్టుకుంది. పెట్టుకుంటూ, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు అంది. "సరే అజ్జా. పుత్తరినుంచి ఇదే మ్యూజియంలో రోజూ మోగుతుంది. బడిపిల్లలు వస్తారు, మైసూరు నుంచి కూడా వస్తారు. కింద రాయిస్తున్నాం, పాడినవారు మొణ్ణప్ప, చంగప్ప అని."

"ఎవరూ?"

"చంగప్ప. ఊళ్ళో రెండో గొంతంటే మీ పేరే కదా."

"ఆ మేకల అరుపు మీద నా పేరా? మా నాన్న గోతిలోంచి లేచి వస్తాడు!"

"పాట అంతేనంటున్నారు మొణ్ణప్పజ్జ. చంగప్పకు ఇంతకన్నా ఏం వచ్చునని కూడా..." మిగతాది మింగేసినట్టు నటించి జీపెక్కింది.

పచ్చి అబద్ధం. దేచమ్మ దానికి అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడదు. దారిలో మొణ్ణప్ప ఇంటి దగ్గర ఆగి, "మీకు పాట పోయిందట, మీరు కుంటివాళ్ళట, చంగప్పజ్జ అన్నారు" అని కూడా చెప్పింది. ఇది మాత్రం నిజం. మర్నాటికల్లా ఇద్దరూ విడివిడిగా కబురు పెట్టారు, పాట ఎవరికి పోయిందో మ్యూజియంలోనే తేల్చుకుంటామని.

అనుకున్న రోజు పొద్దున మ్యూజియంలో, అంటే ఆ పాత వడ్ల కొట్టులో, బోపయ్య కాగితం, పెన్ను పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. దేచమ్మ జీపులో పిలవకుండానే బోజమ్మ ఎక్కి కూర్చుంది. "ఆ ఇద్దరూ ఒక కప్పు కింద కూర్చోవడం చూసి చస్తాను," అంది. 

ఇద్దరు ముసలివాళ్ళూ గుమ్మంలోనే ఎదురుపడ్డారు.

"ఎవరయ్యా పాట పోయినవాడు?" అన్నాడు మొణ్ణప్ప.

"నా మాట అందుకోలేనివాడు. పంది తోకను మాత్రం అందుకున్నానంటాడు."

"నేనే అందుకున్నాను!"

"పంది చచ్చాక అందరూ అందుకుంటారు. బతికున్నప్పుడు చెట్టెక్కింది ఎవరు?"

"అది ఇప్పుడు తేలదు," అన్నాడు బోపయ్య కవాతు గొంతుతో. "కూర్చోండి ఇద్దరూ!"

కూర్చున్నారు, కానీ ఒకరి మొహం ఒకరు చూసేది లేదన్నారు. చివరికి వీపూ వీపూ ఆనించుకుని కూర్చున్నారు. చంగప్ప అటక మీది దుడి దించుకొచ్చాడు, దానికి కొత్త తోలు బిగించి ఉంది. దేచమ్మ అది చూసింది. మిషను నొక్కింది.

దుడి మోగింది. దుమ్ము లేచింది, గుర్రాల ఊపిరి అయింది. గుర్రాల ఊపిరి అంటూ మొణ్ణప్ప లేచాడు. మొదట్లో ఇద్దరూ ఒకరినొకరు పడగొట్టాలనే పాడారు. ఒకడు విసరడం, ఇంకొకడు తిప్పికొట్టడం. ఎక్కడ ఎప్పుడు మారిందో తెలియదు గానీ, మొణ్ణప్ప ఇన్నేళ్ళుగా పాడని చరణాలు ఆయన నోట్లోంచి వస్తున్నాయి. వస్తుంటే ఆయనే ఆశ్చర్యపోతున్నాడు.

"కందకం దాటే దారి ఏదని పగవాడు అడిగెను."

"అడిగినవాడికి జడవక మెడవంచక పొమ్మక్క నిలిచెను."

దేచమ్మ తల్లి చెయ్యి పట్టుకుంది. 

"నిలిచిన పొమ్మక్క చెయ్యెత్తి దారి చూపెను."

ఉత్త దుడి మోగే చోటు అదే. ఈసారి ఉత్తగా మోగలేదు.

"చూపిన దారి ఊబి దారి, ముందు తానే నడిచెను."

మొణ్ణప్ప గొంతు ఒక్క క్షణం తడబడింది. మాట అందింది, లేచాడు.

"నడిచినచోట నేలే లేదు, నడుము దాకా దిగెను."

"దిగినా ఎత్తిన చెయ్యి దించక, రండి రండని పిలిచెను."

"పిలిచిన పిలుపుకు దండు కదిలెను, గుర్రం వెనుక గుర్రము."

"గుర్రం లేదు రౌతు లేడు, నీటిపైన చెయ్యి ఒకటే మిగిలెను."

ఆ తర్వాత కుట్టయ్య వచ్చాడు. కత్తి దూశాడు, నిజమే. ఒడ్డున మిగిలిన నలుగురిని తరిమాడు. పాట అయిపోయింది.

బోపయ్య తన కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. "మావాడు వచ్చేసరికి పనైపోయిందన్నమాట," అని గొణిగి, కొత్త కాగితం తీసుకున్నాడు. రాయబోయి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

దేచమ్మకు ఏడుపొచ్చింది. దాంతోపాటు పట్టలేనంత కోపమొచ్చింది. ఒక పంది తోక కోసం! ఊరినంతా మునగకుండా కాపాడి తను మునిగిన మనిషిని, ఇన్నేళ్ళు ద్రోహి అన్నారు. ఏదో అనబోయింది. ఈలోగా బోజమ్మ కర్ర ఊతం చేసుకుని లేచి, చంగప్ప ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఏమయ్యా చంగప్పా, ఇది నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మా నాన్న నేర్పినప్పటినుంచి." చంగప్ప అయోమయంగా చూశాడు. "అదేమిటి బోజమ్మా, ఊరందరికీ తెలిసిందేగా?"

"మైదానంలో ఏం పాడుతున్నారో నువ్వు వినలేదా?"

"నేను అక్కడికి పోవడం మానేశానుగా."

"నేనూ మానేశాను," అంది బోజమ్మ.

చంగప్పకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక తల దించుకున్నాడు.  ఇద్దరిలో ఒక్కడికీ పంది గుర్తున్నట్టు లేదు.

"మళ్ళీ పాడండి," అంది బోజమ్మ. "నిలిచిన దగ్గర్నుంచి."

పాడారు. ఆవిడ కూర్చోలేదు. నీటిపైన చెయ్యి మిగిలేదాకా నిలబడే విన్నది.

"మళ్ళీ."

మళ్ళీ పాడారు. "అమ్మా, ఎక్కిందిలే మిషన్లోకి," అంది దేచమ్మ మెల్లగా. బోజమ్మ వినిపించుకోలేదు.

"మళ్ళీ."

చంగప్పకు దగ్గు తెర వచ్చింది. గుండె పట్టుకుని, కాసిని నీళ్ళు తాగి, బతిమాలుతున్నట్టు తలెత్తాడు. "ముసలి గొంతు బోజమ్మా. పోతుంది."

"పోదు," అంది బోజమ్మ. "ఇన్నేళ్ళూ దానికి విశ్రాంతేగా. పాడు."

మొణ్ణప్ప దుడి ఎత్తాడు.